పగిలిన ఆముదపు గింజ: ఎంజైముల చరిత్రలో ఒక అధ్యాయం

జడ్చర్లకు ఆనుకొని ఉన్న బాదేపల్లి మార్కెట్టులో ఆముదాలు కొనే వర్తకుడు చేసే మొదటి పని ఒకటి ఉన్నది. కుప్పలో చేయి పెట్టి ఒక పిడికెడు గింజలు పైకి తీస్తాడు. అరచేతిలో పరచి, పగిలినవి ఎన్ని, పెంకు ఊడినవి ఎన్ని అని చూస్తాడు. పగులు ఎక్కువగా ఉంటే ధర తగ్గిస్తాడు. కాయలను కట్టెలతో కొట్టి గింజలు రాల్చిన రైతుకు ఇది అన్యాయంగా తోస్తుంది. గింజ రెండుగా పగిలినంత మాత్రాన అందులోని నూనె ఎక్కడికి పోయినది? తూకం తగ్గలేదు గదా!

పాలమూరు, నల్లగొండ జిల్లాల ఎర్రని చెలక నేలలు ఒకప్పుడు ఆముదపు పంటకు దేశంలోనే పేరు పొందినవి. నిజాం రాష్ట్రపు ఎగుమతులలో ఆముదాలకు ముఖ్యమైన స్థానం ఉండేది. ఇప్పుడు మన చెలకలలో చాలా భాగాన్ని ప్రత్తి, మొక్కజొన్న ఆక్రమించినవి. ఆముదపు ఉత్పత్తిలో నేడు గుజరాత్‌ది అగ్రస్థానం. ఐనా పాలెం వ్యవసాయ పరిశోధనా స్థానంలో ఆముదం మీద పరిశోధన సాగుతూనే ఉన్నది; మార్కెట్టులో వర్తకుడి పిడికిలి కూడా మారలేదు.

రైతు అడిగే ప్రశ్న చిన్నది కాదు. దానికి సమాధానం వెదకుతూ పోతే ఎంజైముల శాస్త్రంలో ఒక ముఖ్య విషయం దగ్గరకు చేరుతాం. ఎంజైము చర్య వేగానికి, ఉపరితల వైశాల్యానికి గల సంబంధమే ఆ విషయం. దీనిని అర్థం చేసుకొనడానికి శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ కథలో మన ఆముదపు గింజకు చెప్పుకోదగిన పాత్ర ఉన్నది.

ఘనపదార్థాన్ని చిన్న ముక్కలు చేస్తే రసాయన చర్య త్వరపడుతుందన్న సంగతి ఎంజైముల కంటె పాతది. 1777లో జర్మనీ దేశపు వెంట్సెల్ అనే రసాయనజ్ఞుడు, ఆమ్లంలో లోహం కరిగే వేగం లోహపు ఉపరితలం మీద ఆధారపడుతుందని గ్రహించినాడు. వంటింట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. కందిపప్పు కన్న పెసరపిండి త్వరగా ఉడుకుతుందని చెప్పడానికి వెంట్సెల్ అవసరం లేదు. కాని జీవుల శరీరంలో జరిగే చర్యలకు ఈ నియమం ఎంతవరకు వర్తిస్తుందన్నది వేరే ప్రశ్న.

దానికి తొలి సూచన పారిస్ నగరంలో దొరికినది. క్లాడ్ బెర్నార్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు 1840ల చివరి భాగంలో కుందేళ్ళ మీద పరిశోధన చేస్తున్నాడు. కుందేలులో ఒక విశేషమున్నది. పైత్యరసం పేగులో ప్రవేశించే చోటు పైన ఉంటుంది. క్లోమరసం ప్రవేశించే చోటు అక్కడి నుండి చాలా దిగువన ఉంటుంది. కొవ్వు తినిపించిన కుందేలును కోసి చూస్తే, పేగు నుండి కొవ్వును తీసుకొని పోయే సన్నని నాళాలు క్లోమరసం కలిసే చోటికి దిగువన మాత్రమే పాలవలె తెల్లగా కనబడినవి. పైభాగంలో తెల్లదనం లేదు. అనగా కొవ్వును జీర్ణం చేసే పని క్లోమరసానిదని తేలినది. క్లోమరసం నూనెను సన్నని తుంపరలుగా విడగొట్టి పాలవలె చేస్తుందని, పిమ్మట దానిని కొవ్వు ఆమ్లంగా, గ్లిసరిన్‌గా విడదీస్తుందని బెర్నార్ చెప్పినాడు.

కొన్ని దశాబ్దాల తరువాత ఫ్రాన్సు దేశస్థుడే ఐన దాస్త్ర్, కుక్కకు శస్త్రచికిత్స చేసి రసాల వరుసను తలక్రిందులు చేసినాడు. పైత్యరసం దిగువన కలిసేటట్లు చేస్తే, అది కలిసిన తరువాతనే నాళాలు తెల్లబడినవి. క్లోమరసం ఒక్కటే చాలదు, పైత్యరసం కూడా కావాలన్నమాట. పైత్యరసంలో కొవ్వును విడగొట్టే ఎంజైము లేదు. అది చేసే పని, కొవ్వు బిందువులు తిరిగి ఒకటి కాకుండా చూడడం, విడగొట్టగా వచ్చిన కొవ్వు ఆమ్లాలను నీటిలో ఇముడ్చుకొని తొలగించడం. ఒక రసం కత్తి వంటిదైతే మరొకటి కోయవలసిన వస్తువును పరచి పెట్టే చేయి వంటిది.

ఇప్పుడు ఆముదపు గింజ దగ్గరకు వస్తాం. గింజ బరువులో దాదాపు సగం నూనె. మొలకెత్తే మొక్కకు అదే తొలి ఆహారం. కాని మొక్క నూనెను నూనెగా వాడుకోలేదు. దానిని విడదీసి, చక్కెరగా మార్చుకొని, పెరిగే వేరుకు, కాండానికి పంపుకోవాలి. ఈ విడదీసే పని ఎవరు చేస్తున్నారు? ఇంగ్లండులో జోసెఫ్ రెనాల్డ్స్ గ్రీన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్న వేసుకొని 1890లో సమాధానం ప్రకటించినాడు. మొలకెత్తుతున్న ఆముదపు గింజల నుండి తీసిన సారం, గింజకు బయట కూడా నూనెను కొవ్వు ఆమ్లంగా, గ్లిసరిన్‌గా విడదీయగలదని అతడు చూపినాడు. మొలకెత్తని గింజలో ఈ ఎంజైము నిద్రావస్థలో ఉంటుందని, పలుచని ఆమ్లంతో కొంచెం వెచ్చచేస్తే మేల్కొంటుందని కూడా వ్రాసినాడు. ఈ చివరి మాట ఎంత విలువైనదో అప్పుడు ఎవరూ గమనించినట్లు లేదు.

పండ్రెండేండ్ల తరువాత, 1902లో, బెర్లిన్ నగరాన్ని ఆనుకొని ఉన్న షార్లోటెన్‌బుర్గ్‌లో కాన్‌స్టైన్, హోయర్, వార్టెన్‌బర్గ్ అనే ముగ్గురు రసాయనజ్ఞులు దీనిని మళ్ళీ చేపట్టినారు. వారిది పరిశ్రమకు సంబంధించిన ప్రయోజనం. సబ్బులకు, కొవ్వొత్తులకు కొవ్వు ఆమ్లాలు కావాలి. మందులకు, ప్రేలుడు పదార్థాలకు గ్లిసరిన్ కావాలి. ఆనాటి కర్మాగారాలలో కొవ్వును నీటితో కలిపి, మూతవేసిన పెద్ద పాత్రలలో అధిక పీడనం క్రింద కాచేవారు. ఇంధనం ఖర్చు ఎక్కువ; సరుకు రంగు మారేది. గింజలోని ఎంజైము ఈ పనిని వేడి లేకుండా చేయగలిగితే ఎంత లాభం!

ముగ్గురూ గింజలను నూరి, నూనెతో, నీటితో కలిపి ఉంచినారు. మొదట చర్య మందకొడిగా సాగినది. కొంత ఆమ్లం దానంతటదే పుట్టిన తరువాత హఠాత్తుగా వేగం పుంజుకొన్నది. అనగా ఈ ఎంజైముకు ఆమ్లం కావాలి. మొదటనే కొంచెం ఆమ్లం కలిపితే ఆలస్యమే లేదు. గ్రీన్ చెప్పిన మాట ఇక్కడ ఫలించినది.

వారి పద్ధతిలో ఉపాధ్యాయులు గమనించవలసినది మరొకటి ఉన్నది. నూనె, నూనెలో నూటికి ముప్పై నలభై పాళ్ళ నీరు, గింజల నుండి తీసిన పాలవంటి సారం, కొంచెం ఆమ్లం: వీటిని ఒక తొట్టిలో పోసి, అడుగు నుండి గాలి ఊది బాగా చిలికేవారు. అంతా మజ్జిగవలె తెల్లగా, చిక్కగా అయ్యేది. ఆ స్థితిలో ఒకటి రెండు దినాలు గోరువెచ్చగా ఉంచితే నూనెలో నూటికి తొంబై పాళ్ళ వరకు విడిపోయేది. చిలకకపోతే నూనె పైన, నీరు క్రింద, రెండూ తమ తమ చోట్ల ఉండిపోయేవి. పని పూర్తయిన తరువాత వచ్చిన కష్టం కూడా ఈ చిలకడం వల్లనే. తెల్లని మజ్జిగ విరగదు! గంధకికామ్లం కొంచెం చేర్చి కాచి విరగగొట్టవలసి వచ్చేది. కాన్‌స్టైన్ పేరు తరువాత మరొక సందర్భంలో వినబడినది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీకి కొవ్వుల దిగుమతి ఆగిపోయినప్పుడు, చక్కెరను ఈస్టుతో పులియబెట్టి గ్లిసరిన్ తీసే పద్ధతిని కనిపెట్టినవారిలో అతడొకడు. అదే యుద్ధంలో ఎదుటి పక్షపు విమానాల యంత్రాలకు కందెనగా ఆముదాన్ని పోసేవారు. గింజ ఒక్కటే, అక్కరలు వేరు.

చిలకడం వల్ల ఏమి జరిగినదో లెక్కతో చూద్దాం. 1 ఘన సెంటీమీటరు నూనెను ఒకే గుండ్రని బిందువుగా ఊహించండి. దాని ఉపరితలం సుమారు 4.8 చదరపు సెంటీమీటర్లు. ఆ నూనెనే 1 మైక్రాన్ వ్యాసం గల బిందువులుగా విడగొట్టినామనుకొందాం. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. బిందువుల సంఖ్య దాదాపు 2 లక్షల కోట్లు అవుతుంది. మొత్తం ఉపరితలం 60,000 చదరపు సెంటీమీటర్లు, అనగా 6 చదరపు మీటర్లు. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవు గల గది నేల అంత! నూనె ఒక చుక్క కూడా పెరగలేదు. ఎంజైము నిలబడి పనిచేయగల చోటు పండ్రెండు వేల రెట్లకు మించి పెరిగినది. నీటిలో ఉండే ఎంజైము నూనె బిందువు లోపలికి దూరలేదు. నూనె, నీరు కలిసే సరిహద్దు మీదనే దాని పని అంతా.

ఇంత స్పష్టమైన సంగతి శాస్త్రంలో స్థిరపడడానికి మరొక అర్ధశతాబ్దం ఎందుకు పట్టినదో ఆలోచించవలసినదే. నా అభిప్రాయంలో దానికి కారణం ఒక గొప్ప విజయం. 1913లో బెర్లిన్‌లో మికేలిస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు, మాడ్ మెంటెన్ అనే కెనడా దేశపు వైద్యురాలు కలిసి ఎంజైము వేగానికి ఒక సూత్రం స్థాపించినారు. వారు పరిశీలించినది చక్కెరను విడగొట్టే ఇన్వర్టేజ్ అనే ఎంజైమును. చక్కెర నీటిలో పూర్తిగా కరుగుతుంది. కరిగిన దానికి ఉపరితలమన్న ప్రశ్న లేదు. లీటరుకు ఎంత చక్కెర ఉన్నదన్నదే లెక్క. ఆ సూత్రం ఎంత చక్కగా పనిచేసినదంటే, కరగని కొవ్వుకు కూడా అందరూ అదే కొలత వాడినారు. ఒక ప్రయోగశాలలో కొవ్వును బాగా చిలికి కలిపేవారు, మరొక చోట కొద్దిగా కలిపేవారు. కొవ్వు బరువు సమానమైనా వేగం సమానంగా రాలేదు.

ఈ చిక్కును విప్పినవారు ఫ్రాన్సులోని మార్సేయ్ నగరపు శాస్త్రజ్ఞులు. 1958లో సార్దా, దెస్న్యుయెల్ అనే ఇద్దరు క్లోమరసంలోని లైపేజ్‌తో ఒక అందమైన ప్రయోగం చేసినారు. ట్రైఎసిటిన్ అనే పదార్థం కొవ్వుల కుటుంబానికి చెందినదే ఐనా నీటిలో కొంతవరకు కరుగుతుంది. దానిని కొద్దికొద్దిగా చేరుస్తూ పోయినారు. కరిగినంత సేపు లైపేజ్ దాదాపు పని చేయలేదు. ఇక కరగలేని హద్దు దాటి, చిన్న చిన్న బిందువులు ఏర్పడగానే ఎంజైము వేగం ఒక్కసారిగా పైకి లేచినది. పోల్చి చూడడానికి గుర్రపు కాలేయం నుండి తీసిన మరొక ఎంజైమును తీసుకొన్నారు. అది కరిగిన పదార్థం మీదనే చక్కగా పనిచేసినది, బిందువులు వచ్చినా రాకపోయినా దానికి పట్టింపు లేదు. లైపేజ్‌కు మాత్రం సరిహద్దు కావాలి. 1965 నాటికి దెస్న్యుయెల్ బృందం మరొక అడుగు వేసినది. బిందువులు పెద్దవైన మిశ్రమాన్ని, చిన్నవైన మిశ్రమాన్ని బరువు లెక్కన పోలిస్తే ఫలితాలు వేరు. బిందువుల మొత్తం వైశాల్యం లెక్కన పోలిస్తే రెండూ ఒకటే. మికేలిస్ సూత్రం తప్పు కాదు. కొలవవలసిన వస్తువును మార్చాలి. లీటరుకు ఎన్ని గ్రాములు అని కాక, లీటరుకు ఎన్ని చదరపు మీటర్లు అని అడగాలి.

సరిహద్దు లేకపోతే లైపేజ్ ఎందుకు ఊరకుంటుంది? 1990లో ఎక్స్-కిరణాల సహాయంతో ఒక బూజు జాతి లైపేజ్, మనిషి క్లోమపు లైపేజ్ నిర్మాణాలు తెలిసినప్పుడు జవాబు దొరికినది. ఎంజైము పనిచేసే చోటును కప్పుతూ ఒక చిన్న మూత ఉన్నది. కొవ్వు బిందువును తాకినప్పుడు మూత ప్రక్కకు తొలగుతుంది. ఐతే మూత ఉన్న లైపేజులన్నీ ఇలాగే నడుచుకొనవని తరువాత తెలిసినది. ప్రకృతిలో నియమాలతో పాటు మినహాయింపులు కూడా పెరుగుతూ ఉంటాయి.

ఆముదపు ఎంజైము కథ వేరుగా సాగినది. 1960ల తొలి సంవత్సరాలలో అమెరికాలో ఓరీ, అతని సహచరులు గింజలోని ఆమ్ల లైపేజ్ లక్షణాలను శ్రద్ధగా పరిశీలించినారు. దాని జన్యువును గుర్తించి వేరుచేసినది చాలా తరువాత, 2004లో, ఇంగ్లండులో ఈస్ట్‌మండ్ అనే శాస్త్రజ్ఞుడు. అతడు చూపిన సంగతి మన విషయానికి కిరీటం వంటిది. గింజ కణాలలో నూనె ఒక ముద్దగా ఉండదు. మైక్రాన్ పరిమాణం గల లెక్కలేనన్ని కణికలుగా, ఒక్కొక్కటి పలుచని పొర కప్పుకొని ఉంటుంది. ఆముదపు లైపేజ్ ఉండేది ఆ పొరలోనే! షార్లోటెన్‌బుర్గ్‌లో గాలి ఊది చిలికి సాధించినదాన్ని గింజ ముందే సిద్ధం చేసి ఉంచుకొన్నది.

ఇక్కడ చురుకైన విద్యార్థి లేచి అడగాలి: అంత వైశాల్యం, దాని మీదనే ఎంజైము, ఐనా ఎండిన గింజ ఏడాది పొడుగునా ఎందుకు పాడు కాదు? అడగకపోతే మనమే అడిగించాలి. కొవ్వు విడిపోవడానికి నీరు కావాలి; ఎండిన గింజలో అది బహు తక్కువ. ఈ ఎంజైముకు ఆమ్లం కూడా కావాలి. చెక్కుచెదరని కణంలో ఆ స్థితి లేదు. వైశాల్యం ఉన్నంత మాత్రాన చర్య సాగదు, మిగిలిన సరంజామా కూడా కుదరాలి.

మార్కెట్టులో రైతు ప్రశ్నకు సమాధానం ఇదే. గింజ రెండుగా పగిలితే కంటికి కనబడే ఉపరితలం పెరిగేది కొద్దిగానే. కాని పెంకు అనే కోట కూలినది. పగిలిన ముఖం మీద కణాలు చితికినవి, కణికలు బయటపడినవి. గాలిలోని తేమ చేరుతుంది, తేమతో బూజు చేరుతుంది, బూజు తన స్వంత లైపేజ్‌ను తెస్తుంది. కొంత కొవ్వు ఆమ్లం పుట్టగానే గింజలోని లైపేజ్‌కు కావలసిన పులుపు కూడా సమకూరుతుంది. తూకంలో తేడా రాదు. నూనెలో ఆమ్లం పెరుగుతుంది. ఆమ్లం పెరిగిన నూనెను శుద్ధి చేయడంలో కొంత భాగం నష్టమవుతుంది. ఆ నష్టాన్ని వర్తకుడు ముందే రైతు లెక్కలో వేస్తున్నాడు.

మా అమ్మమ్మ ఇంట్లో ఆముదం వండేది. గింజలను మంగలంలో వేయించి, రోట్లో దంచి, నీళ్ళు పోసి కాచి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసేది. "వేయించనిది దంచొద్దు బిడ్డా" అనేది. ఆమెకు లైపేజ్ తెలుసునని నేను చెప్పను; వేయిస్తే గింజ తేలికగా నలుగుతుందని, నూనె బాగా దిగుతుందని ఆమె లెక్క. ఐనా ఆ వరుసలో ఒక రసాయన రహస్యమున్నది. వేడికి ఎంజైము చచ్చిపోయిన తరువాతనే కణికలు చితుకుతున్నవి. దంచిన తరువాత వేయించితే ఆ రక్షణ ఉండదు.

నూనెల మీద శాస్త్రీయ కృషి మన హైదరాబాదులో కూడా గట్టిగా జరిగినది. 1944లో నిజాం రాష్ట్రపు ప్రయోగశాలలుగా మొదలై, 1956లో ప్రాంతీయ పరిశోధనాశాలగా మారి, 1989 నుండి భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పిలువబడుతున్న చోట, నూనెల విభాగం ఆముదం మీద ఏండ్ల తరబడి పనిచేసినది. అక్కడ పనిచేసిన కె. టి. అచయ 1971లో ఆముదం నుండి తయారయ్యే రసాయనాల మీద ప్రకటించిన సమీక్ష ప్రసిద్ధమైనది. భారతీయ ఆహార చరిత్రకారుడుగానే నేడు ఆయనను ఎక్కువమంది ఎరుగుదురు.

ఇక తరగతి గది మాట. ఎంజైము వేగం మీద ఉపరితల వైశాల్యపు ప్రభావాన్ని చూపడానికి మన పాఠశాలలలో సాధారణంగా ఆలుగడ్డను, హైడ్రోజన్ పెరాక్సైడును వాడుతారు. ఆలుగడ్డను చిన్న ముక్కలు చేస్తే నురుగు ఎక్కువ వస్తుంది. "వైశాల్యం పెరిగినది, వేగం పెరిగినది" అని ముగిస్తారు. నేను కూడా మొదటి రెండేండ్లు అలాగే చెప్పినాను. ఒక విద్యార్థిని "సార్, ముక్కలు తీసివేసి ఆ నీళ్ళలోనే పెరాక్సైడు పోస్తే కూడా నురుగు వస్తున్నది" అని చూపించేదాకా నాకు తట్టలేదు. పెరాక్సైడు కరిగి ఉన్న పదార్థం. కత్తి కణాలను చీల్చగా వాటిలోని కెటలేజ్ బయటికి వచ్చినది. పెరిగినది వైశాల్యం మాత్రమే కాదు, అందుబాటులోకి వచ్చిన ఎంజైము కూడా. రెండు మార్పులు ఒకేసారి చేసి ఫలితాన్ని ఒకదానికే అంటగట్టడం ప్రయోగం అనిపించుకొనదు.

దీనికి బదులు పచ్చి బొప్పాయి పాలను వాడవచ్చు. అందులోని పపేయిన్ మాంసకృత్తులను విడగొడుతుంది. ఉడికించిన కోడిగ్రుడ్డు తెల్లసొన నుండి 1 సెంటీమీటరు ఘనాలు రెండు కోయండి. ఒకదానిని అలాగే ఉంచండి. దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. రెండవదానిని వీలైనంత సన్నగా తరగండి. 1 మిల్లీమీటరు ఘనాలుగా కోయగలిగితే మొత్తం ఉపరితలం 60 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. తరిగినదానిని ఒకసారి నీటితో కడిగి, రెండింటినీ వేరు వేరు గాజు గొట్టాలలో వేసి, నీటిలో కలిపిన బొప్పాయి పాలు సమానంగా పోసి, వేడినీటి గిన్నెలో ఉంచండి. మూడవ గొట్టంలో తరిగిన తెల్లసొనకు బాగా మరిగించిన బొప్పాయి పాలు పోయండి. ఇక్కడ ఎంజైము అంతా ద్రవంలోనే ఉన్నది, మూడు గొట్టాలలో కొలత ఒకటే. మొదటి రెండింటికి తేడా వైశాల్యం ఒక్కటే. అంచులు ఎప్పుడు మెత్తబడినవో, ద్రవం ఎప్పుడు మసకబారినదో అరగంటకొకసారి విద్యార్థుల చేతనే వ్రాయించండి. బొప్పాయి పాలు చర్మానికి తగిలితే మంట పుడుతుంది, కన్నుకు మరీ ప్రమాదం. తీసే పని ఉపాధ్యాయుడే చేయాలి.

ఆముదపు గింజలతో మాత్రం పిల్లల చేత ఏ ప్రయోగమూ చేయించవద్దు. 1888లో స్టిల్‌మార్క్ అనే విద్యార్థి తన పరిశోధనా వ్యాసంలో పేరు పెట్టిన రిసిన్ అనే విషం ఆ గింజలో ఉన్నది. నమలకుండా మ్రింగిన గింజ అలాగే బయటికి పోవచ్చు. నమిలిన గింజ ప్రాణం తీయగలదు. అక్కడ కూడా పెంకు పగిలినదా లేదా అన్నదే ముఖ్యం.